వృద్ధాశ్రమంలో అతిసారం: పట్టిక చెప్పిన సంగతి

నేను వారానికొకసారి వెళ్ళే ఒక వృద్ధాశ్రమంలో ఒకే రాత్రి నలుగురు పెద్దలకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. నిర్వాహకులు తాగునీటిని అనుమానించారు. కషాయం మాట ఎత్తడానికి ముందు నేనొక నోటుపుస్తకం అడిగాను. వాంతులైనవారు, 24 గంటలలో 3 లేక అంతకు మించి నీళ్ళ విరేచనాలైనవారు ఎవరెవరో, వారి గది, రోగం మొదలైన వేళ, తిన్న పదార్థం రాయించాను. వంటవారిని, ఆయాలను కూడ చేర్చమన్నాను. సాధారణంగా ఈ పనే ఎవరూ చేయరు.

నలుగురూ ఒకే వరుస గదులవారు. నీరే కారణమైతే మిగిలిన వరుసలవారూ పడి ఉండాలి కదా! పట్టికలో మొదటి పేరు ఆ వరుసకు వడ్డించే ఆయాది. ఆమెకు ముందురోజే వాంతులయ్యాయి. జీతం కోత పడుతుందని దాచింది. నోరోవైరస్ సోకిన 12 నుండి 48 గంటలలో బయటపడుతుంది. పరీక్ష చేయించలేదు గాని, నడక అదే.

లక్షణాలు పూర్తిగా తగ్గాక మరి 48 గంటల వరకు ఆమెకు జీతంతో సెలవు ఇప్పించాను. అందరి చేతులకూ సబ్బు, నీరు. స్పిరిట్ ద్రవం ఈ క్రిమికి చాలదు. కాచి చల్లార్చిన లీటరు నీటిలో తలగొట్టిన 6 టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు కలిపి గుటకలుగా పట్టించాము. వృద్ధులకు దాహం సరిగా తెలియదు. మూత్రం తగ్గినా, మగత కమ్మినా, మలంలో రక్తం కనిపించినా ఇంటి వైద్యంతో కాలయాపన చేయక ఆసుపత్రికి చేర్చాలి.

పట్టికలో చివరి పేరు ఆరవ రోజున చేరింది.