దూడలకు వచ్చు మెదడు, నరముల వ్యాధులు

నిన్నటివరకు గంతులు వేసిన దూడ నేడు గోడకు తల ఆనించి కదలక నిలుచును. కన్నుల ఎదుట చేయి ఊపినను రెప్ప వేయదు. మెడ వెనుకకు విరిచి ఆకాశము చూచుచున్నట్లుండును. పిదప నేలగూలి కాళ్లు కొట్టుకొనును. గాలి సోకినదని కొందరు తాయెత్తు కట్టుదురు, కొందరు వాత పెట్టుదురు. ఈలోపల విలువైన గంటలు గడచిపోవును.

మేతకు అలవాటుపడిన దూడలలో ఇట్టి లక్షణములకు ముఖ్యకారణములలో ఒకటి థయమిన్ అను బి1 విటమిను లోపము. దీనిని పశువు పెద్దపొట్టలోని సూక్ష్మజీవులే తయారుచేయును. పెండ్లియింట మిగిలిన అన్నమో, నూకలో, దాణాయో ఒక్కసారిగా మితిమీరి పెట్టినచో పొట్ట పులిసి వాని పని చెడును. ఉన్న విటమినును నాశనము చేయు సూక్ష్మజీవులు పెరుగును. చక్కెరనుండి శక్తి పొందుటకు మెదడునకు ఈ విటమిను అవసరము. అది కరవైనచో మెదడు వాచును. చెడునది కన్ను కాదు, చూపును గ్రహించు మెదడు భాగము. కావున కంటిలో మందు వేసిన ప్రయోజనము లేదు.

పశువైద్యుడు సకాలమున వచ్చి, శరీరపు బరువులో కిలోకు సుమారు 10 మిల్లీగ్రాముల చొప్పున థయమిన్ ఇంజెక్షను ఇచ్చి, కొన్ని గంటలకొకసారి మరల ఇచ్చినచో, పెక్కు దూడలు ఒకటి రెండు దినములలో లేచి మేత ముట్టును. చూపు తిరిగివచ్చుటకు మరికొన్ని దినములు పట్టవచ్చును. మెదడు కణములు చచ్చిన తరువాత మందు పనిచేయదు.

పుట్టిన కొద్ది వారములలోనే దూడ కొయ్యబారి, దవడలు బిగిసి, చిన్న చప్పుడునకే ఉలికిపడినచో అది వేరు వ్యాధి. బొడ్డు పుండు ద్వారా ధనుర్వాతము ప్రవేశించి యుండును. ఈనిన వెంటనే బొడ్డునకు టింక్చర్ అయొడిన్ పూయుట సులభము. వ్యాధి ముదిరిన దూడను బ్రతికించుట కష్టము.

మనుష్యులకును ముప్పు తెచ్చునది మరియొకటి కలదు. చొంగ కార్చుచు, మ్రింగలేక, వింతగొంతుతో అరచు దూడను చూచి, ఏదో అడ్డుపడినదని నోట చేయి పెట్టువారున్నారు. అది కుక్కకాటు వలన వచ్చిన రేబిస్ కావచ్చును. కాటు వారముల క్రిందటిదై గాయము మానిపోయి యుండవచ్చును. అట్లు చేయి పెట్టినవారు పారు నీటిలో సబ్బుతో 15 నిమిషములు కడుగుకొని, ఆనాడే ఆసుపత్రికి పోయి టీకా ప్రారంభింపవలెను. దూడ చచ్చునా బ్రతుకునా అని వేచియుండరాదు.

సంచార పశువైద్య వాహనమును పిలుచు 1962 నంబరును పంచాయతీ కార్యాలయపు గోడపై పెద్ద అక్షరములతో వ్రాయించుడు. వైద్యునికి మూడు సంగతులు చెప్పవలెను: దూడ వయస్సెంత, గడచిన వారములో ఏమి మేపినారు, ఊరిలో కుక్క ఏ పశువునైనను కరచినదా.