పాత జీపుకు జీర్ణోద్ధరణ

పాఠ్యభాగ ఉద్దేశం

విద్య గ్రంథాలలోనే కాక పనిముట్ల మధ్య కూడా ఉన్నదనీ, ఒక వస్తువును బాగుచేయడమంటే ముందుగా దానిని అర్థం చేసుకోవడమేననీ తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం. ఇంటివద్ద పాత జీపును మరమ్మతు చేసుకోవడం, మార్పులు చేసుకోవడం ఇందులోని విషయం.

పాఠం

శిథిలమైన దేవాలయాన్ని తిరిగి నిలబెట్టడాన్ని మన పెద్దలు ‘జీర్ణోద్ధరణ’ అన్నారు. జీర్ణమైనదానిని ఉద్ధరించడమని దీని అర్థం. ఈ పనికి ఒక పద్ధతి కలదు. గుడిలో ఉలి పడకముందే బాలాలయాన్ని ఏర్పాటు చేసి, నిత్యపూజలకు అంతరాయం కలుగకుండా చూస్తారు. యాదగిరిగుట్ట ఆలయ పునర్నిర్మాణ కాలంలో భక్తులు బాలాలయంలోనే స్వామిని దర్శించారు. 2022 మార్చి 28న ప్రధానాలయం తిరిగి తెరుచుకొన్నది. మండపాలు మారాయి, ప్రాకారాలు మారాయి, గోపురాలు మారాయి. గుహలోని స్వయంభూమూర్తిని మాత్రం కదలించలేదు. దేనిని మార్చవచ్చునో, దేనిని మార్చరాదో ముందుగా నిశ్చయించుకోవడమే జీర్ణోద్ధరణకు తొలిమెట్టు. ఈ నియమం ఆలయాలకే కాదు, యంత్రాలకు కూడా వర్తిస్తుంది.

సూర్యాపేట జిల్లాలో కోదాడకు సమీపాన ఉన్న అనంతగిరి వంటి ఊరిలో ఒక రైతు కుటుంబం ఉన్నదనుకుందాం. పెరటిలో వేపచెట్టు క్రింద తాతగారి కాలం నాటి జీపు ఒకటి నిలిచి ఉన్నది. టైర్లలో గాలి లేదు. బానెట్టు మీద ఎండుటాకులు. దానిని పాత ఇనుము క్రింద అమ్మివేద్దామని తండ్రి ఆలోచన. పెద్ద టైర్లు వేసి, ముందు ఇనుప కమ్ములు బిగించి, కొత్త రంగు పూయించి ఊరంతా తిరగాలని కళాశాలలో చదివే కొడుకు కోరిక. తాతగారు మాత్రం, “ముందు దానికి బ్రేకులు పడేటట్లు చూడండి” అన్నారు. ఈ మూడు మాటలలో ఏది సరైనదో తెలియాలంటే, జీపు పుట్టుపూర్వోత్తరాలను, దాని నిర్మాణాన్ని తెలుసుకోవలసి ఉన్నది.

జీపు యుద్ధంలో పుట్టిన వాహనం. బురదలోనూ ఇసుకలోనూ పోగల తేలికపాటి బండి కావాలని 1940లో అమెరికా సైన్యం కోరింది. బాంటమ్ సంస్థ తొలి నమూనాను తయారుచేసింది. తరువాత విల్లీస్, ఫోర్డ్ సంస్థలు రెండవ ప్రపంచయుద్ధం ముగిసేలోగా ఆరు లక్షలకు పైగా జీపులను నిర్మించాయి. మన దేశంలో 1945లో ‘మహీంద్రా అండ్ మహమ్మద్’ అనే సంస్థ ఏర్పడింది. భాగస్వాములలో ఒకరైన గులాం మహమ్మద్ దేశవిభజన అనంతరం పాకిస్తానుకు వెళ్లడంతో 1948లో అది ‘మహీంద్రా అండ్ మహీంద్రా’గా మారింది. విల్లీస్ జీపు విడిభాగాలను తెప్పించి బొంబాయిలో కూర్చడంతో ఈ దేశంలో జీపుల కథ మొదలైంది.

1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. 1967లో కాలువలకు నీరు వదిలారు. సాగర్ ఎడమ కాలువ నీటితో మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాలు వరిపొలాలకు నెలవయ్యాయి. ఆ రోజులలో పల్లెకు జీపు వచ్చిందంటే అధికారి వచ్చినట్లే. కాలం చెల్లిన ప్రభుత్వ జీపులు వేలంపాటలలో రైతుల చేతికి చేరడమూ కలదు. కనుక పెరటిలోని పాత జీపు ఉత్త ఇనుము కాదు. ఒక కాలానికి సాక్షి.

ఇక దాని నిర్మాణం. ఇంజనులో పుట్టిన శక్తి క్లచ్చి గుండా గేరుబాక్సుకు చేరుతుంది. సాధారణమైన కారులో అది అక్కడినుండి రెండు చక్రాలకే పోతుంది. జీపులో గేరుబాక్సు వెనుక ట్రాన్స్‌ఫర్ కేసు అనే మరొక పెట్టె కలదు. ఇది శక్తిని రెండు పాయలుగా చీల్చి, ఒకదానిని ముందు ఇరుసుకు, మరొకదానిని వెనుక ఇరుసుకు పంపుతుంది. కాలువ నీటిని రెండు తూములకు మళ్లించినట్లే ఇదీ. డ్రైవరు ప్రక్కనున్న చిన్న లివర్లతో ముందు చక్రాలను కలుపవచ్చు, విడదీయవచ్చు. వేగాన్ని తగ్గించి లాగుడు బలాన్ని పెంచుకొనవచ్చు.

ఇక్కడ ఒక సూక్ష్మం గ్రహించాలి. బండి మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు వెనుక చక్రాల కంటె ఎక్కువ దూరం నడుస్తాయి. నాలుగు చక్రాలకూ శక్తిని కలిపినప్పుడు మాత్రం పాత జీపులో ముందు, వెనుక షాఫ్టులు ఒకే వేగంతో తిరుగక తప్పదు. బురదలో చక్రం కొంత జారి ఈ భేదాన్ని సర్దుకుంటుంది. తారురోడ్డు మీద జారే వీలు లేదు. ఆ ఒత్తిడి అంతా గేర్ల పళ్ల మీద పడుతుంది. అందువలన గట్టినేల మీద నాలుగు చక్రాల గేరును వాడరాదు. నాలుగు టైర్లూ ఒకే కొలతలో ఉండాలనడానికి కారణమూ ఇదే. ఈ సంగతి తెలియక, వెనుక రెండింటికి మాత్రమే పెద్ద టైర్లు వేసి నాలుగు చక్రాల గేరు కలిపితే, అలంకారం కోసం చేసిన పని అంతర్భాగాలను విరగగొడుతుంది.

మరమ్మతులో మొదటి పనిముట్టు పానా కాదు, కన్ను. రెండవది కాగితం, కలం. విప్పిన ప్రతి భాగాన్ని ఏ వరుసలో విప్పారో వ్రాసుకోవాలి. తీగలకు గుర్తుచీటీలు కట్టాలి. నట్లను వేరువేరు డబ్బాలలో వేయాలి. నేడు సెల్‌ఫోనుతో ఫోటో తీసుకోవడం మరింత సులభం. విప్పడం ఒక పూట పని. బిగించడం మాత్రం గుర్తున్నవానికే సాధ్యం.

ప్రాణరక్షణ రెండవ నియమం. జాకీ బండిని లేపడానికే కాని, నిలిపి ఉంచడానికి కాదు. బండి క్రిందికి దూరవలసి వచ్చినప్పుడు గట్టి నేలమీద ఇనుప స్టాండ్లు పెట్టాలి. ఇటుకల దొంతర బరువుకు ఒక్కసారిగా పగలవచ్చు. పాత జీపులలో మరొక ప్రమాదం దాగి ఉన్నది. చాలావాటిలో హ్యాండ్‌బ్రేకు చక్రాలను కాక, ట్రాన్స్‌ఫర్ కేసు వెనుక తిరిగే షాఫ్టును పట్టి ఉంచుతుంది. వెనుక చక్రాలలో ఒకదానిని పైకి లేపితే, ఇరుసు మధ్యనున్న డిఫరెన్షియల్ కారణంగా లేచిన చక్రం ఒకవైపు, నేలమీది చక్రం మరొకవైపు తిరుగగలవు. అనగా హ్యాండ్‌బ్రేకు వేసి ఉన్నా బండి దొర్లిపోవచ్చు. కాబట్టి నేలమీది చక్రాలకు ముందూ వెనుకా చెక్క అడ్డులు తప్పక పెట్టాలి.

మూడవది, పనిలో క్రమం. తాతగారి మాటలోని విలువ ఇక్కడ తెలుస్తుంది. నడవని బండి వలన ఇంటికి నష్టం మాత్రమే. ఆగని బండి వలన ప్రాణాపాయం. అందుచేత ఇంజను కంటె ముందు బ్రేకులను చూడాలి. పాత జీపులలో నాలుగు చక్రాల బ్రేకులకూ ఒకే ద్రవమార్గం ఉంటుంది. ఒక్క గొట్టం పగిలితే నాలుగు బ్రేకులూ ఒకేసారి పోతాయి. బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. దానివలన లోపల తుప్పు పడుతుంది. వేడెక్కినప్పుడు ఆవిరి పుట్టి పెడలు మెత్తబడుతుంది. కనుక పాత ద్రవాన్ని పూర్తిగా తీసివేసి, రబ్బరు భాగాలను మార్చి, కొత్త ద్రవం పోసి గాలి తీయాలి. అందులో ఇంజను ఆయిలు గాని, కిరోసిను గాని కలిస్తే రబ్బరు ఉబ్బి పాడవుతుంది. పాత బ్రేకు లైనింగులలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. ఆ ధూళి ఊపిరితిత్తులకు హానికరం. దానిని గాలితో ఊదక, తడిగుడ్డతో తుడవాలి.

బ్రేకుల తరువాత స్టీరింగు, ఆపైన ఛాసిస్. రంగు తుప్పును కప్పుతుందే కాని పోగొట్టదు. చిన్న సుత్తితో తట్టి చూస్తే గట్టి ఇనుము ఖంగుమంటుంది. తుప్పు తిన్నది మొద్దుగా పలుకుతుంది. వెల్డింగు అవసరమైతే బ్యాటరీ తీగలు విప్పాలి, పెట్రోలు ట్యాంకును దూరంగా తీసివేయాలి. ఖాళీ ట్యాంకులో ప్రమాదం లేదనుకోవడం పొరపాటు. అందులో మిగిలిన పెట్రోలు ఆవిరి గాలితో కలిసి, ఒక్క నిప్పురవ్వకే పేలగలదు.

చివరకు ఇంజను. యుద్ధకాలపు విల్లీస్ జీపుది నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజను. సామర్థ్యం సుమారు 2.2 లీటర్లు, బలం 60 అశ్వశక్తి. సిలిండర్లు మండే వరుస 1, 3, 4, 2. ప్లగ్గుల తీగలు ఈ వరుస తప్పితే ఇంజను సరిగా నడువదు. పెట్రోలు ఇంజనుకు కావలసినవి మూడు: గాలితో కలిసిన ఇంధనం, సకాలంలో నిప్పురవ్వ, సిలిండరులో తగిన ఒత్తిడి. వీటిలో ఏది లోపించిందో తెలుసుకోకుండా అన్నీ మార్చడం, నాడి చూడకుండా మందులన్నీ మింగించడం వంటిది.

అన్ని పనులూ ఇంటివద్ద కావు. సిలిండర్ల బోరింగు, క్రాంకు షాఫ్టు గ్రైండింగు, బ్రేకు డ్రమ్ముల చెక్కుడు యంత్రశాలలోనే జరగాలి. హైదరాబాదు నుండి విజయవాడకు పోయే 65వ నంబరు జాతీయ రహదారి సూర్యాపేట, కోదాడల మీదుగా సాగుతుంది. ఆ దారిలో మెకానిక్కులకు కొదవ లేదు. విజయవాడ ఆటోనగర్ ఈ వృత్తులకు పేరుపొందిన కేంద్రం. పొడవైన స్క్రూడ్రైవరు కొసను ఇంజనుకు, పిడిని చెవికి ఆనించి లోపల అరిగిన భాగాన్ని పసిగట్టే పనివాని విద్య ఏ పట్టాకూ తీసిపోదు. ఆ నేర్పు ఓర్పులను గౌరవించి నేర్చుకోవడం విద్యార్థికి శోభ.

ఇక యువకుని కోరిక విషయం. సుమారు 28 అంగుళాల టైర్ల స్థానంలో 31 అంగుళాలవి వేస్తే చుట్టుకొలత దాదాపు 11 శాతం పెరుగుతుంది. వేగసూచిక 60 కిలోమీటర్లు చూపినప్పుడు బండి వాస్తవంగా 66 కిలోమీటర్ల వేగంతో పోతుంది. బ్రేకులు పట్టే దూరం పెరుగుతుంది, స్టీరింగు బరువెక్కుతుంది. పెట్రోలు ఖర్చు భరించలేక డీజిలు ఇంజను అమర్చినవారూ ఉన్నారు. అది బరువైనదైతే ముందు కమానులు క్రుంగుతాయి. ఒక మార్పు పది మార్పులను వెంటబెట్టుకొని వస్తుంది.

చట్టం కూడా ఈ విషయంలో మౌనంగా లేదు. తయారీదారు నిర్ణయించి, రిజిస్ట్రేషన్ పత్రంలో నమోదైన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనినే దృఢపరచింది. ఇంజను మార్చదలచినవారు ముందుగా రిజిస్ట్రేషన్ అధికారి అనుమతి పొందాలి. ముందు బిగించే ఇనుప కమ్ములపై చర్య తీసుకోవాలని 2017 డిసెంబరులో కేంద్ర రవాణాశాఖ రాష్ట్రాలను కోరింది. రిజిస్ట్రేషన్ గడువు ముగిసిన బండిని పునరుద్ధరణ లేకుండా రోడ్డెక్కించరాదు. మరొకవైపు, 50 ఏళ్లు దాటి, ఛాసిస్‌లో, బాడీలో, ఇంజనులో పెద్ద మార్పులు లేకుండా మూలరూపంలో ఉన్న వాహనాలకు ప్రత్యేక రిజిస్ట్రేషన్ కల్పించే నియమాలు 2021లో వచ్చాయి. మార్చకుండా నిలుపుకొన్నదానికే గౌరవం దక్కుతున్నదన్నమాట.

అయితే ఏ మార్పూ కూడదా? అట్లని కాదు. సీటు బెల్టులు, మంచి వెలుతురునిచ్చే నియమబద్ధమైన దీపాలు, కొత్త తీగలు, ఫ్యూజులు ఆహ్వానింపదగినవే. ప్రాణాన్ని కాపాడేది, మూలాన్ని చెరపనిది, కావాలన్నప్పుడు తిరిగి తీసివేయగలిగినది మంచి మార్పు. ఛాసిస్‌ను కోసి చేసేదానిని వెనుకకు తీసుకోలేము.

పెరటిలోని జీపు విషయంలో ముగ్గురి మాటలలోనూ కొంత న్యాయం లేకపోలేదు. ఛాసిస్ పూర్తిగా తుప్పు తిని ఉంటే తండ్రి మాటే శరణ్యం. పైనున్న ఉత్సాహం లేకపోతే పని మొదలే కాదు, అది కొడుకుది. ఆ ఉత్సాహానికి దారి చూపినది తాతగారి మాట. ఆలయమైనా, యంత్రమైనా, భాషయైనా మనకు పెద్దల నుండి సంక్రమించినదానిని పాడుపెట్టడం ఎంత తప్పో, తెలియక మార్చడమూ అంతే తప్పు. తెలిసి నిలుపుకోవడం, తెలిసి మార్చుకోవడం - ఇదే జీర్ణోద్ధరణ.

అభ్యాసం

1. ఈ క్రింది పదాలకు అర్థాలు:
జీర్ణం = శిథిలమైనది
బాలాలయం = ఆలయ పునర్నిర్మాణ కాలంలో పూజల కోసం ఏర్పాటు చేసే తాత్కాలిక ఆలయం
నెలవు = స్థానం
కమాను = బండి బరువును మోసే స్ప్రింగు పట్టీల కట్ట
శరణ్యం = ఆశ్రయింపదగినది

2. సంధులు:
జీర్ణోద్ధరణ = జీర్ణ + ఉద్ధరణ - గుణసంధి
బాలాలయం = బాల + ఆలయం - సవర్ణదీర్ఘసంధి
ప్రత్యేకం = ప్రతి + ఏకం - యణాదేశసంధి

3. సమాసాలు:
నాలుగు చక్రాలు - నాలుగు సంఖ్యగల చక్రాలు - ద్విగు సమాసం
నేర్పు ఓర్పులు - నేర్పును, ఓర్పును - ద్వంద్వ సమాసం
ప్రాణరక్షణ - ప్రాణము యొక్క రక్షణ - షష్ఠీ తత్పురుష సమాసం

4. ఈ క్రింది ప్రశ్నలకు సంగ్రహంగా సమాధానాలు వ్రాయండి.
అ) తారురోడ్డు మీద పాత జీపు నాలుగు చక్రాల గేరును ఎందుకు వాడరాదు?
ఆ) హ్యాండ్‌బ్రేకు వేసి ఉన్నా పాత జీపు ఏ సందర్భంలో దొర్లిపోవచ్చు?
ఇ) ఇంజను కంటె ముందు బ్రేకులను ఎందుకు చూడాలి?

5. ఈ క్రింది ప్రశ్నకు ఇరవై పంక్తులలో సమాధానం వ్రాయండి.
‘మంచి మార్పు’కు రచయిత చెప్పిన లక్షణాలను వివరించి, మీ ఇంటిలోని ఏదైనా పాత వస్తువుకు వాటిని అన్వయించండి.