నొప్పి లేని వాపు

అత్తకు 60 ఏళ్లు. ఎడమ కంటి కింద చిన్న వాపు వచ్చింది. నొప్పి లేదు. దురద లేదు. కింది రెప్ప లాగి చూస్తే లోపల గులాబీ రంగు కండ కనిపించింది.

"నందివర్ధనం పూలు పెట్టుకుంటే అదే పోతుందిలే" అంది అత్త. పోలేదు. మందుల షాపులో చుక్కల మందు కొని వేసుకుంది. వాపు తగ్గింది. కొన్ని నెలలకు మళ్లీ వచ్చింది.

కోడలు ఊరుకోలేదు. "నొప్పి లేకపోతే జబ్బు లేనట్టేనా అత్తయ్యా? పదండి, కంటి ఆసుపత్రికి పోదాం" అంది.

డాక్టరమ్మ కన్ను చూసింది. చుక్కల సీసా కూడా చూసింది.

"ఇందులో స్టెరాయిడ్ ఉందమ్మా. ఇది వాపును కొన్నాళ్లు అణచిపెడుతుంది. జబ్బు లోపలే ఉంటుంది. పరీక్షలో కూడా సరిగా తేలకపోవచ్చు. ఇక ఇది వేసుకోవద్దు. స్కాన్ తీయాలి. వాపులోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి" అంది.

అత్త భయపడింది. "ముక్క తీస్తే జబ్బు ఒళ్లంతా పాకుతుందంటారు కదమ్మా?"

"పాకదమ్మా. తిమ్మిరి సూది వేసి తీస్తాం. ముక్క చూడందే ఏ జబ్బో తెలియదు. తెలియకుండా మందు ఎలా ఇస్తాం?"

అత్త ఒప్పుకుంది. పరీక్షలో లింఫోమా అని తేలింది.

లింఫోమా అంటే ఏమిటి?

మన రక్తంలో తెల్ల కణాలు ఉంటాయి. అవి రోగాలతో పోరాడతాయి. వాటిలో ఒక రకం కణాలు అదుపు తప్పి పెరిగితే అదే లింఫోమా. ఇది ఒక రకం క్యాన్సర్. కంటి చుట్టూ రావడం అరుదు. ఎక్కువగా పెద్ద వయసులో వస్తుంది. చాలామందిలో నెమ్మదిగా పెరుగుతుంది. ఇది అంటువ్యాధి కాదు. ఒకే కంచంలో తిన్నా అంటదు.

వైద్యం ఎలా చేస్తారు?

ముందు రక్తపరీక్ష చేస్తారు. ఒళ్లంతా స్కాన్ తీస్తారు. జబ్బు కంటి దగ్గరే ఉంటే ఎక్కువగా 'కరెంటు' పెడతారు. ఇది షాకు కాదు. కంటికి కనపడని కిరణాలు. పెట్టేటప్పుడు నొప్పి ఉండదు. కొందరికి రెండు రోజులు చాలు. కొందరికి రెండు మూడు వారాలు పడుతుంది. తర్వాత కన్ను పొడిబారవచ్చు. శుక్లం రావచ్చు. వాటికీ వైద్యం ఉంది. జబ్బు ఒంట్లో వేరేచోట కూడా ఉంటే నరం ద్వారా మందులు ఎక్కిస్తారు.

చాలామందికి తగ్గుతుంది. కానీ ఏళ్ల తర్వాత మళ్లీ రావచ్చు. అందుకే డాక్టరు చెప్పిన తేదీకి తప్పక వెళ్లాలి.

హైదరాబాదులో సరోజినీదేవి కంటి ఆసుపత్రి, ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ప్రభుత్వానివి.

గుర్తుంచుకోండి

కన్ను ముందుకు పొడుచుకు వచ్చినా, రెప్ప వాలినా, ఒకటి రెండుగా కనపడినా, వాపు తగ్గకపోయినా కంటి డాక్టరుకు చూపించాలి. ప్రతి వాపూ క్యాన్సర్ కాదు. ఏది అవునో, ఏది కాదో పరీక్షలోనే తెలుస్తుంది.

జవాబులు చెప్పండి

1. చుక్కల మందుతో వాపు తగ్గినా జబ్బు ఎందుకు పోలేదు?
2. ముక్క పరీక్ష ఎందుకు చేస్తారు?
3. మీ ఊళ్లో కంటికి ఏమేమి వేసుకుంటారు? వాటి వల్ల ఏం జరుగుతుంది? అందరూ కలిసి మాట్లాడుకోండి.