ఇంకా రాలేదని చెప్పడం కూడా వైద్యమే

మిషిగన్,
నవంబరు రెండో ఆదివారం

అమ్మలూ,

నిన్న ఫోనులో అడగ్గానే బాగానే ఉన్నానన్నావు. కాసేపయ్యాక మాటల మధ్యలో, "పెద్దనాన్నా, పద్దెనిమిది మెడికల్ కాలేజీల్లో రెండు కాదన్నాయి, పదహారు ఏమీ అనలేదు" అన్నావు. ఆ రెండిటికంటే ఈ పదహారే నిన్ను ఎక్కువ నలిపేస్తున్నాయని నాకు అర్థమైంది. కాదన్నవాళ్ల కోసం ఒక పూట ఏడ్చి ఊరుకోవచ్చు. ఏమీ అననివాళ్లతో ఏం చేయాలి? ఫోనులో చెబితే "సరే పెద్దనాన్నా" అని పెట్టేస్తావని ఉత్తరం రాస్తున్నాను. మనబడిలో నాలుగేళ్లు కూర్చుని నేర్చుకున్న తెలుగు ఇందుకైనా అక్కరకొస్తుంది. తీరిక చేసుకుని చదువు.

ముందు మీ నాన్న సంగతి. రోజూ "ఏమైనా వచ్చిందా?" అని అడుగుతున్నాడని నీకు కోపంగా ఉంది. వాడు పెరిగిన లోకం వేరమ్మా. వాడు ఎంసెట్ రాసిన ఏడాది ఒక పొద్దున పేపర్లో హాల్ టికెట్ నంబర్లు పడ్డాయి, ర్యాంకు తెలిసిపోయింది. ర్యాంకు తెలిస్తే సీటు ఎక్కడ వస్తుందో మా వీధివాళ్లే లెక్కగట్టి చెప్పేవాళ్లు. ఈనాటి నీట్ కూడా అదే దారి: మార్కులు, ర్యాంకు, కౌన్సెలింగు, సీటు. ఆ దారిలో కష్టం తక్కువేం కాదు. కానీ తను ఏ మెట్టు మీద నిలబడి ఉన్నాడో పిల్లవాడికి తెలుస్తుంది. ఇక్కడ ర్యాంకు అనేదే లేదు. ఇక్కడి ప్రవేశ పరీక్ష ఎంక్యాట్‌లో 528కి నీకెంత వచ్చిందో విన్నా, ఆ అంకెను బట్టి నీ సీటు ఎవరూ చెప్పలేరు. తనకు అంతుపట్టని దాన్ని మీ నాన్న రోజుకొక ప్రశ్న చేసి అడుగుతున్నాడు. ఈ వారం వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని క్యాలెండరు చూపించు.

ఆ క్యాలెండరు నీకూ ఒకసారి గుర్తుచేస్తాను. భయం పట్టుకున్నప్పుడు తెలిసిన సంగతులు కూడా మరిచిపోతాం. కాలేజీలకు కలిపి ఒకేసారి పెట్టే నీ ఆమ్‌కాస్ దరఖాస్తు జూన్ నెలాఖరుకు కాలేజీలకు చేరింది. జూలై, ఆగస్టుల్లో నిద్ర మానుకుని ఒక్కో కాలేజీ విడిగా అడిగే సెకండరీ వ్యాసాలు రాశావు. ఇంటర్వ్యూలు ఆగస్టు, సెప్టెంబరుల్లో మొదలై చాలాచోట్ల ఫిబ్రవరి, మార్చి దాకా సాగుతాయి. అక్టోబరు 15 నుంచి ఎండీ పట్టా ఇచ్చే కాలేజీలు సీట్లు ఇవ్వడం మొదలుపెడతాయి. ఏప్రిల్ 30 కల్లా ఒకటికి మించి సీట్లున్న పిల్లలు ఒక్కటే ఉంచుకుని మిగతావి వదులుకోవాలి. అంటే నవంబరు నెల ఈ దారికి సగం.

ఇందులో నీకు పనికొచ్చే సంగతి ఒకటుంది. అక్టోబరులోనే తనకు నచ్చిన చోట సీటు దొరికిన పిల్లవాడు మిగతా కాలేజీల ఇంటర్వ్యూలు మానుకుంటాడు. అలా ఖాళీ అయిన తేదీలకు కాలేజీ తన దగ్గర పక్కన పెట్టుకున్న దరఖాస్తులను మళ్లీ తెరుస్తుంది. డిసెంబరులో, జనవరిలో వచ్చే పిలుపుల్లో కొన్ని అలా వచ్చేవే. నీ దరఖాస్తు చదివి కూడా ఇప్పటికిప్పుడు అవుననీ కాదనీ తేల్చకుండా ఆపి ఉంచిన కాలేజీలు ఆ పదహారింట్లో ఉండి ఉండవచ్చు. కొన్ని ఇంకా చదివే ఉండవు. ఒక్కో కాలేజీకి వేలల్లో దరఖాస్తులు వస్తాయి, వాటిని చదివేవాళ్లు మనుషులు. వాళ్లు ఏమీ అనకపోవడంలో నువ్వు రాత్రిపూట వెతుక్కుంటున్న అర్థాలేవీ లేవు.

ఇక ఇష్టంలేని మాట. తప్పకుండా పిలుపు వస్తుందని నేను రాయను. 2024లో వైద్యవిద్యలో చేరడానికి ఈ దేశంలోని ఎండీ కాలేజీలకు దాదాపు 52 వేల మంది దరఖాస్తు పెడితే, చేరినవాళ్లు 23 వేల పైచిలుకు. సగానికంటే ఎక్కువమంది ఆ ఏడు చేరలేకపోయారు. వాళ్లందరూ తెలివి తక్కువవాళ్లని నువ్వు అనగలవా? ఏటా దరఖాస్తు పెట్టేవాళ్లలో సుమారు నాలుగోవంతు మంది అంతకుముందు ఒకసారి పెట్టి మళ్లీ పెడుతున్నవాళ్లే. కాబట్టి ఫిబ్రవరి నెలాఖరు అని ఒక గీత గీసుకో. ఆలోగా ఒక్క పిలుపూ రాకపోతే నువ్వూ నేనూ కూర్చుని రెండో ఏటి సంగతి మాట్లాడదాం. ఏ వ్యాసం మార్చాలి, ఏ అనుభవం చేర్చాలి, కాలేజీల జాబితాలో ఎక్కడ పొరపాటు పడ్డాం, అన్నీ చూద్దాం. ఆ మాటలన్నీ ఫిబ్రవరివి. వాటిని నవంబరులోకి లాక్కురాకు.

నా మాట నమ్మడానికి నీకొక కారణం కావాలి. నేను గుంటూరు మెడికల్ కాలేజీలో చదువు ముగించి, విదేశీ డాక్టర్లు రాయాల్సిన పరీక్ష కూడా గట్టెక్కి, 1990 శీతాకాలంలో న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో ఒక చిన్న అపార్ట్‌మెంటులో కూర్చున్నాను. రెసిడెన్సీ శిక్షణ కోసం అరవై ఆసుపత్రులకు దరఖాస్తులు పంపాను. అప్పుడు మాకు ఈమెయిల్ లేదు, అన్నీ పోస్టులోనే. మీ పెద్దమ్మ పొద్దున్నే ల్యాబు ఉద్యోగానికి వెళ్లిపోయేది. పోస్టు మనిషి మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో వచ్చేవాడు. నేను పదకొండు నుంచే కిటికీ దగ్గర నిలబడేవాణ్ణి. ఆయన వచ్చి వెళ్లాక కిందికి దిగి డబ్బా తీసేవాణ్ణి. ఆ తర్వాత రోజంతా ఏమీ చేయబుద్ధయ్యేది కాదు. అరవైకి మూడు ఇంటర్వ్యూలు వచ్చాయి. మార్చిలో, రెసిడెన్సీ సీట్లు ఎవరికో తేల్చే మ్యాచ్ ఫలితాల్లో నా పేరు లేదు.

ఆ ఏప్రిల్‌లో మీ పెద్దమ్మ ఒక్క మాటంది: "ఆ కిటికీ దగ్గర నిలబడే రెండు గంటలు ఎక్కడైనా పనికొచ్చే చోట నిలబడండి." మాకు దగ్గర్లోని ఒక ఆసుపత్రిలో వాలంటీరుగా చేరాను. ఇచ్చిన పని, రోగులను చక్రాల కుర్చీలో ఎక్స్‌రేకి తీసుకెళ్లి తీసుకురావడం. ఎంబీబీఎస్ చదివినవాణ్ణి. మొదటి వారం ఎవరి మొహమూ చూడలేదు. తర్వాత్తర్వాత కుర్చీలో కూర్చున్నవాళ్లు మాట్లాడటం మొదలుపెట్టారు. ఎక్స్‌రే గది బయట వరుసలో ఆగి ఉన్నప్పుడు మనిషి ఏం మాట్లాడతాడో, దేనికి భయపడతాడో, ఇక్కడి ఇంగ్లీషులో ఒంటి నొప్పిని ఎన్ని రకాలుగా చెబుతారో నాకు అక్కడే తెలిసింది. మరుసటి ఏడు ఇంటర్వ్యూలో ఒకాయన "ఈ ఏడాదంతా ఏం చేశారు?" అని అడిగితే, నేను చక్రాల కుర్చీ గురించే పది నిమిషాలు మాట్లాడాను. సీటు అక్కడే వచ్చింది. దానివల్లే వచ్చిందని చెప్పలేను. అడిగితే చెప్పుకోవడానికి నా దగ్గర ఏదో ఉందని మాత్రం చెప్పగలను.

అందుకని నువ్వు ఎమర్జెన్సీలో చేస్తున్న స్క్రైబు పనిని తక్కువగా చూడకు. డాక్టరు చెప్పింది టైపు చేయడమే కదా అన్నావు మొన్న. డాక్టరు అడిగిన ప్రశ్నకూ రోగి చెప్పిన జవాబుకూ మధ్య ఎంత దూరం ఉందో నీకంటే బాగా చూసేవాళ్లు ఆ గదిలో ఎవరున్నారు?

ఇక చేతిలో ఉన్న పనులు.

ఫోను సంగతి మొదటిది. కాలేజీల నుంచి వచ్చే మెయిళ్లకు మాత్రం వేరే శబ్దం పెట్టుకో. అది మోగితేనే ఫోను తీయి. స్పామ్ ఫోల్డరూ, కాలేజీల పోర్టళ్లూ రాత్రి ఒక్కసారి చూడు, చాలు. పిలుపు వస్తే ఆ రోజే తేదీ ఎంచుకో, మంచి తేదీలు తొందరగా నిండిపోతాయి.

రెండోది, అప్‌డేట్ లేఖ. కొన్ని కాలేజీలు పంపమంటాయి, కొన్ని పంపవద్దంటాయి. ఎవరేం చెప్పారో వాళ్ల పేజీలో చదివి, పంపమన్నచోటికే పంపు. ఒక్క పేజీ దాటకూడదు. జూన్ తర్వాత నీ జీవితంలో కొత్తగా ఏం జరిగిందో అదే రాయి. ఎదురుచూస్తున్నానని రాయకు, అది వాళ్లకు తెలుసు. మీ కాలేజీయే నాకు మొదటిది అనే మాట మాత్రం నిజంగా ఒక్క కాలేజీకే రాయి. డాక్టరు కాబోయే మనిషి మాట అది.

మూడోది, ఇంటర్వ్యూ సాధన. పిలుపు వచ్చాక మొదలుపెడదామనుకుంటే వారం పది రోజులే దొరకవచ్చు. కొన్ని కాలేజీల్లో ఎంఎంఐ పద్ధతి ఉంటుంది. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో పుట్టింది అది. ఒక గది తర్వాత ఒక గది, తలుపు మీద ఒక సందర్భం రాసి ఉంటుంది, చదువుకోవడానికి రెండు నిమిషాలు, లోపల మాట్లాడటానికి ఎనిమిది నిమిషాల దాకా. జవాబులు బట్టీపట్టి దీన్ని దాటలేవు. ఆదివారం సాయంత్రం ఆరింటికి నాకు వీడియో కాల్ చెయ్యి. నేను సందర్భం చదువుతాను, నువ్వు మాట్లాడు. మీ పెద్దమ్మ పక్కన కూర్చుని ఎక్కడ నీ మనసు మాట్లాడిందో, ఎక్కడ నోరు మాత్రమే మాట్లాడిందో చెబుతుంది. తనకు అది భలే తెలుస్తుంది.

నాలుగోది, జాబితా. ఎండీకి సాటిగా డాక్టరు పట్టా ఇచ్చే డీఓ కాలేజీల్లో చాలావాటికి గడువు ఇంకా ఉంది, వాటి ఇంటర్వ్యూలు వసంతం దాకా జరుగుతాయి. 2020 నుంచి ఎండీలకూ డీఓలకూ రెసిడెన్సీ గుర్తింపు ఒకే వ్యవస్థలో ఉంది. మా ఆసుపత్రిలో నా పక్కన పనిచేసిన డీఓలు ఎంతోమంది, వాళ్ల చేతుల్లో నా ఒళ్లు పెట్టడానికి నాకు ఏ సంకోచమూ లేదు. పేరు గొప్పదా కాదా అని చుట్టాలు అడిగితే ఈ కథ గుర్తుచేసుకో. 1847లో ఎలిజబెత్ బ్లాక్‌వెల్ అనే అమ్మాయికి తను అడిగిన పేరున్న కాలేజీలన్నీ తలుపు మూశాయి. న్యూయార్క్ రాష్ట్రంలోని జెనీవా అనే చిన్న ఊరి కాలేజీ ఒక్కటే, అదీ విద్యార్థుల చేత ఓటు వేయించి, రమ్మని ఉత్తరం రాసింది. 1849లో ఆమె ఈ దేశంలో వైద్య పట్టా పొందిన మొదటి స్త్రీ అయింది. వచ్చిన ఉత్తరం ఎక్కడిదని ఆమె చిన్నబుచ్చుకోలేదు.

థాంక్స్‌గివింగ్‌కు అందరూ చేరతారు. అత్తయ్యలు "సీటు ఎక్కడొచ్చిందమ్మా?" అంటారు. వాళ్ల మనసులో చెడు లేదు, వాళ్లకు తెలిసిన పలకరింపు అది. "ఇంటర్వ్యూలు మార్చి దాకా ఉన్నాయి అత్తయ్యా" అని చెప్పి పులిహోర గిన్నె అందుకో. అంతకంటే చెప్పాల్సిన బాధ్యత నీకు లేదు.

ఇప్పుడు ఈ ఉత్తరం ఎందుకు మొదలుపెట్టానో అది రాస్తాను. ఇది మీ నాన్నకు కూడా ఎప్పుడూ చెప్పలేదు.

రెసిడెన్సీ రెండో ఏట ఒక శుక్రవారం సాయంత్రం నా రోగి ఒకామె బయాప్సీ రిపోర్టు వచ్చింది. క్యాన్సర్ లేదు. మంచి కబురే కదా, సోమవారం ఎలాగూ వస్తుంది, అప్పుడు చెబుదామనుకుని ఇంటికి వెళ్లి పడుకున్నాను. ఆమె సోమవారం వచ్చింది. మొహం పీక్కుపోయి ఉంది. చెప్పాను. కళ్లు మూసుకుని చాలాసేపు కూర్చుంది. తర్వాత కాగితం మీద తేదీ చూసి, "ఇది మీకు శుక్రవారమే తెలుసా?" అని అడిగింది. అంతే, ఇంకేమీ అనలేదు. ఆ మూడు రాత్రులు ఆమె పడుకోలేదని ఆమె భర్త నాకు తర్వాత చెప్పాడు.

అమ్మలూ, ఆ కిటికీ దగ్గర ఒక శీతాకాలం మొత్తం నిలబడ్డవాణ్ణి నేను. కబురు రాకపోతే మనిషికి ఏమవుతుందో తెలిసినవాణ్ణి. మూడేళ్లు తిరక్కుండానే మరిచిపోయాను. తెల్లకోటు వేసుకున్నాక మనం ఎదురుచూసే వైపు నుంచి ఎదురుచూసేలా చేసే వైపుకు వెళ్లిపోతాం, వెళ్లినట్టు మనకు తెలియను కూడా తెలియదు. ఆ సోమవారం నుంచి రిటైరయ్యేదాకా ఒక నియమం పెట్టుకున్నాను. రిపోర్టు వచ్చిన రోజే చెప్పాలి. రాకపోతే, ఇంకా రాలేదని చెప్పడానికైనా ఫోను చేయాలి. ఆ రెండో ఫోనుకు రోగులు చెప్పినన్ని కృతజ్ఞతలు నేను రాసిన ఏ మందుకూ చెప్పలేదు.

నీకు ఆ పదహారు కాలేజీలూ ఆ ఫోను చేయడం లేదు. అది బాధే, కాదనను. కానీ ఈ బాధను ఉత్తినే పోనివ్వకు. ఒక నోటుపుస్తకం కొనుక్కో. ఫోను మోగినప్పుడు నీ గుండె ఏం చేస్తోందో, ఎవరి మాట నీకు ఊరటనిచ్చిందో, ఎవరి మాట గుచ్చుకుందో, తెల్లవారుజామున మూడింటికి ఏమనుకున్నావో తేదీ వేసి రాయి. తెలుగులో రాస్తావో ఇంగ్లీషులో రాస్తావో నీ ఇష్టం. ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు, ఎప్పుడో ఒకప్పుడు నీ చేతిలో ఎవరిదో రిపోర్టు ఉంటుంది. ఆ సాయంత్రం నువ్వు అలిసిపోయి ఉంటావు, సోమవారం చెప్పొచ్చులే అనిపిస్తుంది. ఆ రోజు ఈ పుస్తకం తెరవాలి. నా దగ్గర అలాంటి పుస్తకం లేకపోయింది.

నా ఆశ అంతా అక్కడుందమ్మా, నీ ఆశ కూడా అక్కడ పెట్టుకోమంటున్నాను. మెయిల్ వస్తుందా రాదా అన్నది మన చేతిలో లేదు. ఎదురుచూసేవాళ్ల బాధ తెలిసిన డాక్టరువి అవడం ఈ నవంబరులోనే, ఎవరూ పిలవకుండానే మొదలవుతుంది.

ఆదివారం ఆరింటికి. వేళకు కూర్చుని ఉంటాను. కబురేమీ లేకపోయినా సరే, లేదని చెప్పడానికి ఫోను చెయ్యి.

ప్రేమతో, ఆశీస్సులతో
నీ పెద్దనాన్న