కనిపించని ధూళి, నోటీసు గడువు
జుగ్సలాయి ఉన్న తూర్పు సింహభూమ్ జిల్లాలోనే, ముసాబని వైపు ర్యామింగ్ మాస్ మిల్లుల్లో పనిచేసినవారు పలువురు సిలికోసిస్‌తో చనిపోయారు. ఇండక్షన్ కొలిమి లోపలి గోడకు దట్టించే క్వార్ట్జ్ పొడినే ర్యామింగ్ మాస్ అంటారు.

కంటికి కనిపించే దుమ్ము త్వరగానే నేలకు దిగుతుంది. 1 మైక్రాన్ రేణువు మాత్రం గాలి కదలకపోయినా ముక్కు ఎత్తు నుంచి నేల చేరడానికి 4, 5 గంటలు తీసుకుంటుంది. మర ఆగినా పీల్చడం ఆగదు. అది ఊపిరితిత్తుల్లో మచ్చలు కడుతుంది. నయం చేసే మందు లేదు, పని మానేశాక కూడా జబ్బు ముదరవచ్చు.

అలాంటి చోట నెల నోటీసు పూర్తి చేయాలా? 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టం ప్రకారం ఎవరినీ బలవంతంగా కొలువులో ఉంచలేరు. యజమాని అడిగేది మామూలుగా నోటీసు జీతమే. (దినకూలీకి ఆ నోటీసు కాగితమైనా ఎక్కడిది!) వెళ్లేటప్పుడు జీతం చీటీ, హాజరు కార్డు, ఛాతీ ఎక్స్‌రే దగ్గర ఉంచుకోవాలి. పరిహారం విషయంలో చట్టం సిలికోసిస్‌ను వృత్తి వ్యాధిగా గుర్తించింది, కానీ అక్కడ పనిచేసినట్టు రుజువు కావాలి.