పాటల కోసం ల్యాప్‌టాప్: ఎంపిక, ఏర్పాట్లు

మన హాస్టళ్లలో డప్పు కొట్టేవాళ్లకు, పాట కట్టేవాళ్లకు కొదవ లేదు. వార్షికోత్సవం రోజు చప్పట్లు మోగుతాయి. మర్నాటికి ఆ పాట గాలిలో కలిసిపోతుంది. మన ఊళ్లలో నాట్ల పాటలు, బతుకమ్మ పాటలు నోటికొచ్చిన అమ్మమ్మల తరం కూడా తరిగిపోతున్నది. వాటిని రికార్డు చేయాలంటే స్టూడియోయే దిక్కు అనుకోనక్కర లేదు. మామూలు ల్యాప్‌టాప్ చాలు. కానీ ఉన్న డబ్బంతా దానికే పోస్తే మైకు కొనడానికి ఏమీ మిగలదు. అందుకే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, కొనే ముందు ఈ విషయాలు తెలుసుకోండి.

ముందుగా ఒక లెక్క

కంప్యూటర్ శబ్దాన్ని అంకెలుగా మార్చి దాచుకుంటుంది. సెకనుకు 48,000 సార్లు కొలిచి, ఒక్కో కొలతను 24 బిట్లలో, అంటే 3 బైట్లలో రాస్తే, ఒక ట్రాకుకు నిమిషానికి సుమారు 8.6 మెగాబైట్లు అవుతుంది. 8 ట్రాకులున్న 5 నిమిషాల పాటకు సుమారు 346 మెగాబైట్లు. ఇది పెద్ద బరువేమీ కాదు. కాబట్టి ఖరీదైన కంప్యూటర్ అవసరం లేదు.

కొనేటప్పుడు చూడవలసినవి

1. ప్రాసెసర్: విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. పాత ల్యాప్‌టాప్ కొంటే విండోస్ 11 నడిచేది, అంటే ఇంటెల్‌లో 8వ తరం లేదా ఆ తర్వాతది చూసుకోండి. అంతకన్నా పాతదే దొరికితే ఉబుంటు స్టూడియో అనే ఉచిత లినక్స్ వేసుకోవచ్చు.

2. ర్యామ్: కనీసం 8 జీబీ. 16 ఉంటే మంచిది. తర్వాత పెంచుకునే వీలుందో లేదో అడగండి. ఉదాహరణకు 2018లో వచ్చిన లెనోవో థింక్‌ప్యాడ్ టి480లో ర్యామ్‌కు రెండు స్లాట్లున్నాయి.

3. డిస్కు: ఎస్‌ఎస్‌డీ అయితే వేగంగా ఉంటుంది, తిరిగే భాగాలు లేవు కనుక చప్పుడూ చేయదు.

4. ఫ్యాను, పోర్టులు: దుకాణంలోనే పావుగంట నడిపి ఫ్యాను మోత వినండి. ప్రతి యూఎస్‌బీ పోర్టులో పెన్‌డ్రైవ్ పెట్టి చూడండి.

మిగిల్చిన డబ్బుతో యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్, మైకు, వైరున్న హెడ్‌ఫోన్లు కొనండి. డప్పు వంటి గట్టి శబ్దానికి డైనమిక్ మైకు తట్టుకుంటుంది. కండెన్సర్ మైకు కొంటే ఇంటర్‌ఫేస్‌లో 48 వోల్టుల సదుపాయం ఉండాలి. బ్లూటూత్ హెడ్‌ఫోన్లలో శబ్దం ఆలస్యంగా వస్తుంది కనుక రికార్డింగుకు పనికిరావు.

ఆలస్యం అనే చిక్కు

కంప్యూటర్ శబ్దాన్ని చిన్న చిన్న కుప్పలుగా తీసుకుంటుంది. ఆ కుప్ప పేరే బఫర్. బఫర్ 256 అయితే 256ను 48,000తో భాగించగా సుమారు 5 మిల్లీసెకన్లు. 1024 అయితే 21 మిల్లీసెకన్లు. అంతసేపట్లో గాలిలో శబ్దం 7 మీటర్లు పోతుంది! పక్కనే మోగాల్సిన డప్పు అంత దూరం నుంచి వినిపిస్తే పాడేవాళ్ల తాళం తప్పుతుంది. అందుకని రికార్డు చేసేటప్పుడు బఫర్ 128 లేదా 256 పెట్టండి. టపటపమని చప్పుడొస్తే ఒక మెట్టు పెంచండి. ట్రాకులు కలిపేటప్పుడు 1024 పెట్టుకోవచ్చు.

సిద్ధం చేసుకునే పద్ధతి

1. విండోస్‌లో ఇంటర్‌ఫేస్ కంపెనీవారి ఏసియో డ్రైవర్ వేయండి.
2. ఉచితంగా దొరికే ఆడాసిటీతో పని మొదలుపెట్టండి. అనుభవం వచ్చాక ఆర్డర్, రీపర్ వంటివి చూడవచ్చు.
3. రికార్డింగు వేళ వై-ఫై, అప్‌డేట్లు ఆపండి. పవర్ సెట్టింగు ఎక్కువ పనితనానికి మార్చండి.
4. ఛార్జర్ వల్ల గుయ్యిమని శబ్దం వస్తే దాన్ని తీసేసి బ్యాటరీ మీద నడపండి.
5. గట్టిగా కొట్టించి చూసి, ముల్లు మైనస్ 12, మైనస్ 6 డెసిబెల్స్ మధ్య ఆగేలా మైకు గెయిన్ తిప్పండి. సున్నా దాటి పగిలిన శబ్దాన్ని తర్వాత సరిగా బాగుచేయలేం.
6. ఫైలును వేవ్‌గా దాచండి. రెండో ప్రతి వేరే డ్రైవ్‌లో ఉండాలి.

చివరగా, ఫైలు పేరులో పాడినవారి పేరు, ఊరు, తేదీ తప్పక రాయండి. ఇతరులకు పంపే ముందు వారి అనుమతి అడగండి. మన పెద్దల పాటలు ఎన్నో పాడినవారి పేరు లేకుండానే ఊళ్లు దాటాయి. ఇకనుంచి పాటతో పాటు పేరు కూడా నిలిచేలా చూడటం, కంప్యూటర్ నేర్చుకున్న మన బాధ్యత.