నిలిచిన కాయకము – నెమ్మదిలేని మనస్సు

ప్రాతఃకాలమున ఇష్టలింగమును కరస్థలమున నుంచుకొని కూర్చున్న గృహస్థునకు దృష్టి లింగమునందు నిలువదు. కారుచున్న కుళాయి, కుమారుని కొరకు తెచ్చుకొనవలసిన ధ్రువపత్రము, తీర్చెదనని బావమరిదికి మాట యిచ్చిన బాకీ, మూడు వారములుగా చూడవలెననుకొనుచు చూడని జబ్బుపడిన మేనత్త, ఒక్కొక్కటే వచ్చి ఎదుట నిలుచును. వీనిలో పెక్కు పూటలో ముగియు పనులే. అయినను మనస్సు వీనిని నెలల తరబడి మోయుచున్నది. దీనిని భక్తిలోపమని యెంచి తమను తాము నిందించుకొనువారు కలరు. తరచుగా లోపము పూజలో లేదు. నిలిచిపోయిన పనిలో నున్నది.

పన్నెండవ శతాబ్దమున కల్యాణమునందు నివసించిన ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతులు నేల రాలిన బియ్యము నేరి తెచ్చి దాసోహము నడిపినవారు. శరణుల గోష్ఠిలో మైమరచిన మారయ్యకు కాయకము నిలిచిపోయినదని జ్ఞప్తి చేసి పంపినది ఆ యిల్లాలే యని సంప్రదాయము చెప్పును. గోష్ఠి గొప్పదే, కాని చేయవలసిన పని అట్లే యుండగా అందు కూర్చుండుట ఆమెకు సమ్మతము కాలేదు. ఆ భర్తయే అవసరమునకు మించి బియ్యము తెచ్చినప్పుడు, అదనపు బియ్యమును మరల అక్కడనే పోసి రమ్మనెను. ఈ రెండవ ఘట్టమును విడిచి మొదటిదానిని మాత్రమే చెప్పుట వాడుకైనది. నిజమునకు రెండును ఒక్కచోటికే చేరును. మోయగలిగినదానికి మించి చేపట్టినవానికి పనులు నిలిచిపోక తప్పదు.

ఆధునిక మనశ్శాస్త్రజ్ఞులును ఈ విషయమును పరీక్షించిరి. బ్లూమా జైగార్నిక్ అను విదుషి బెర్లినులో జరిపిన పరిశోధనను 1927లో ప్రకటించెను. ముగిసిన పనికంటె నడుమ ఆపివేయబడిన పనియే జనులకు ఎక్కువగా జ్ఞప్తియందుండునని ఆమె చెప్పెను. తరువాతి ప్రయోగములన్నియు దీనిని బలపరుపలేదు గనుక దీనిని తిరుగులేని నియమముగా గ్రహింపరాదు. గృహస్థునకు మరింత ఉపయోగపడునది 2011లో మాసికాంపో, బామీస్టర్ అను అమెరికా పరిశోధకులు ప్రకటించిన విషయము. పని పూర్తికాకున్నను, దానిని ఎప్పుడు, ఎక్కడ, ఎట్లు చేయవలెనో స్పష్టముగా నిర్ణయించుకొన్నవారిని ఆ తలంపు అంతగా బాధింపలేదు. మనస్సు కోరునది వెంటనే పని ముగియుటను మాత్రమే కాదు. దానికొక చోటు ఏర్పడుటను.

హనుమకొండవారికి దీనికి దృష్టాంతము ఊరి నడుమనే కలదు. 1163లో కాకతి రుద్రదేవుడు నిర్మింపజేసిన వేయిస్తంభముల గుడి యెదుటి కల్యాణమండపము శిథిలమగుటచే, పునరుద్ధరణకై ఈ శతాబ్ది తొలి దశకమున దానిని విడదీసిరి. పని సాగుచు, ఆగుచు ఏండ్లు గడచెను. ఆ కాలమున పుట్టిన బాలురు మండపమును చూడకయే పెద్దవారైరి. తుదకు 2024 మార్చి 8న, మహాశివరాత్రినాడు, అది మరల ప్రజలకు తెరువబడెను. ఆలస్యము మెచ్చదగినది కాదు. అయినను విడదీయునప్పుడు రాళ్లకు అంకెలు వేసియుండుటచే, ఏ రాయి ఎచ్చటిదో తెలిసి పనిని తిరిగి యెత్తుకొన వీలైనది. అంకెలే లేకున్న అది రాళ్లగుట్టయే.

ఇంటి పనులును అట్లే. మనసులో గుట్టగా పడియున్నవానిని ఒక కాగితముపై దింపిన వెంటనే వాని సంఖ్య తగ్గినట్లు తోచును. నిజముగా తగ్గదు గాని, లెక్కకు వచ్చును. అందులో కుళాయివంటిది ఆనాడే ముగించవచ్చును. బాకీ వంటిదానికి తేదీయు, మొదట ఇచ్చు మొత్తమును వ్రాసి బావమరిదికి తెలుపవలెను. అతడును ఎదురుచూచుచున్నాడు గదా. ఇక చేయజాలని పనులు కొన్ని ఉండును. మొగమాటముచే ఒప్పుకొన్న సంఘపు పదవి, ఎన్నటికిని వ్రాయని వ్యాసము మొదలగునవి లక్కమ్మ తిరిగి పంపిన బియ్యము వంటివి. చేయజాలనని సంబంధించినవారికి స్పష్టముగా చెప్పి, క్షమాపణతో అప్పగింపవలెను. ఊరక మరచుట అప్పగించుట కాదు. ఈ భాగమే అన్నిటికంటె కష్టము. పని చేయుటకంటె చేయలేనని చెప్పుటకు సిగ్గు అడ్డుపడును.

మఠములకును ఇది వర్తించును. పునాదితో ఆగిన వసతిగృహము, దాత పేర రసీదు వ్రాయక మిగిలిన విరాళము ఎవరో ఒకరి మనస్సును బాధించుచునే యుండును. ఏ పని యెవరి చేతిలో నున్నదో పుస్తకమున వ్రాసి, నెలకొకసారి అందరి యెదుట చదివిన, సగము వానికి మరుసటి దినమే కదలిక వచ్చును.

మేనత్త ఉన్నది పాలకుర్తిలో. ఆదివారము ఉదయపు బస్సుకు పోవలెనని కాగితముపై వ్రాసి, వచ్చుచున్నానని ఆమెకు ముందుగా ఫోను చేసినవాడు, శనివారము ఉదయము లింగపూజకు కూర్చున్నప్పుడు ఆ తలంపు రాకపోవుటను తానే గమనించును.